అంతరిక్షమున మన సాక్షి

2025 నవంబరు నెల చివరి దినములలో ప్రపంచమంతట విమానాశ్రయములయందు ఒక వింత సంభవించినది. ఎయిర్‌బస్ సంస్థవారి ఏ-320 వర్గపు విమానములు సుమారు ఆరువేలింటిని, సవరణ జరుగువరకును ఎగురనీయరాదని ఆజ్ఞలు పుట్టినవి. అందు మన దేశపు విమానములు మూడువందలకు పైబడి యుండెను. యంత్రములు చెడలేదు, రెక్కలు విరుగలేదు. తీవ్రమైన సూర్యవికిరణము విమానమును నడుపు కంప్యూటరులోని యంకెలను చెరుపగలదని నిర్మాతలే ప్రకటించిరి. అంతకు నెల దినములకు ముందు, అమెరికాఖండమున ఎగురుచున్న యొక విమానము నడుపువారి ప్రమేయము లేకయే హఠాత్తుగా క్రిందికి వంగుటయు, ప్రయాణికులు కొందరు గాయపడుటయు ఈ ప్రకటనకు మూలము.

దోషి సూర్యుడేనా? ఆ దినమున సూర్యుడు శాంతముగనే యుండెననియు, నక్షత్రలోకముల నుండి వచ్చు విశ్వకిరణ మొకటి కారణము కావచ్చుననియు కొందరు శాస్త్రజ్ఞులు వాదించిరి. ఈ వివాదమునకు తీర్పు చెప్పుట మా పని కాదు. కాని న్యాయస్థానములలో కాలము గడపు వారమగుటచే మాకు వెంటనే తోచిన ప్రశ్న యొకటి గలదు. ముద్దాయి కంటికి కనబడడు. నేరము రెప్పపాటులో ముగిసినది. స్థలమున గురుతు మిగులలేదు. ఇట్టి వ్యవహారమున సాక్షి యెవరు?

సాక్షులు గలరు. వారు మనుష్యులు కారు. ఉపగ్రహములపై నమర్చిన చిన్న పెట్టెలవి. తమలోనికి దూసికొనివచ్చు కణముల నొక్కొక్కటిగా లెక్కించి, వాని శక్తిని కొలిచి, ఏ దిక్కున నుండి వచ్చినదియు చెప్పుటయే వాని యుద్యోగము. 2023 మొదలు ఇట్టి సాక్షి యొకటి మన దేశమునకును గలదు. ఆ సాక్షి మూగవోకముందే మనము చేయవలసిన కార్యములు కొన్ని గలవు. వానిని ప్రజల యెదుట పెట్టుటకే నేడీ విషయము నెత్తికొనుచున్నాము.

మొదట ముద్దాయిల వర్గములను తెలిసికొనవలెను. సూర్యుని నుండి అహర్నిశము ఒక గాలి వీచుచున్నది. విడివడిన ప్రోటానులును ఎలక్ట్రానులును కలిసిన ప్రవాహమది. సామాన్య దినములలో దాని వేగము సెకనుకు 400 కిలోమీటర్ల ప్రాంతము. ఇది సాధువు. సూర్యునిపై విస్ఫోటనము కలిగినపుడు కొన్ని కణములు దీనికి వేలరెట్లు, లక్షరెట్లు శక్తిని పొంది, గంట లోపలనే భూమి చెంతకు రాగలవు. ఇవి క్రూరములు. నక్షత్రముల విధ్వంసమున పుట్టి లక్షలకొలది యేండ్లు సంచరించి వచ్చు విశ్వకిరణములు మూడవ తెగ. సంఖ్యలో కొద్ది, శక్తిలో అపారము. ఇక నాలుగవ తెగవారు భూమియొక్క అయస్కాంత క్షేత్రమున చిక్కి, ఉత్తర దక్షిణములకు ఊయలలూగుచు మన గోళమును చుట్టియున్న ఖైదీలు. ఈ ఖైదీల కథయే సాక్షి విలువను లోకమునకు నేర్పినది.

1958 జనవరి 31న అమెరికావారు ఎక్స్‌ప్లోరర్-1 అను తమ మొదటి ఉపగ్రహమును పంపిరి. అయోవా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జేమ్స్ వాన్ ఆలెన్ అందొక గైగర్ గొట్టము నుంచెను. వాయువు నిండిన గొట్టము, నడుమ నొక తీగ. కణము దూరినపుడెల్ల విద్యుత్తు క్షణకాలము మెరసి ఒక లెక్క పడును. విశ్వకిరణములను లెక్కించుటయే దాని యుద్దేశము. ఉపగ్రహము భూమికి దగ్గరగా నున్నపుడు లెక్క సెకనుకు ముప్పది ప్రాంతమున సక్రమముగ వచ్చెను. మిక్కిలి యెత్తునకు పోయినపుడు లెక్క సున్న యయ్యెను. అచట కణములే లేవా? గొట్టము చెడినదా? అదే యేడు మార్చి 26న పంపిన ఎక్స్‌ప్లోరర్-3లో టేపు యంత్రముండుటచే ప్రదక్షిణమంతటి లెక్కయు చేతికి దొరకెను. లెక్క క్రమముగ పెరిగి, పెరిగి, హఠాత్తుగా సున్నకు పడి, కొంతసేపటికి మరల లేచుచుండెను.

కార్ల్ మకిల్వెయిన్ అను యువకుడు అట్టి గొట్టమునే భూమిపై తీవ్రమైన ఎక్స్-కిరణముల యెదుట నుంచి పరీక్షించెను. అపుడును లెక్క సున్నయే వచ్చెను. కణములు ఎడతెగక మీదపడునపుడు గొట్టమునకు తేరుకొను వ్యవధి యుండదు. మెరుపు మెరసినను లెక్కయంత్రమును కదల్చు బలముండదు. సాక్షి మౌనము వహించినది చెప్పుటకేమియు లేక కాదు, చెప్పవలసినది మితిమీరుటచేతనే! ఇట్లు 1958 మే 1న వాన్ ఆలెన్ భూమిని చుట్టియున్న వికిరణ వలయములను లోకమునకు ప్రకటించెను. మౌనమునకు అర్థము చెప్పుటకు సాక్షి స్వభావమును ముందుగా తెలిసియుండవలెనను న్యాయసూత్రము శాస్త్రమునందును చెల్లుచున్నది.

ఈ కథకు ఇంకొక ముఖము గలదు. ఎక్స్‌ప్లోరర్‌కు మూడు మాసములు ముందుగనే, 1957 నవంబరు 3న, సోవియటువారు పంపిన స్పుత్నిక్-2లో వెర్నోవ్ అను శాస్త్రజ్ఞుని కణలెక్కయంత్రములుండెను. వారి దేశముపై నెగురునపుడు ఉపగ్రహము తక్కువ యెత్తున నుండెను. అధికమైన యెత్తునకు పోయినది దక్షిణార్ధగోళమున. అచటి సంకేతములను ఆస్ట్రేలియావారు పట్టిరి. కాని వానిని విప్పు కీలకమును సోవియటువారు చెప్పలేదు. కీలకము చెప్పనిదే తాము పట్టినది ఆస్ట్రేలియావారు ఈయలేదు. వాఙ్మూలమొకరి చేతిలో, భాష యొకరి చేతిలో! మొదట కనుగొన్న కీర్తి సోవియటు శాస్త్రజ్ఞులకు ఇట్లు చేజారినది. శత్రువుల వలన గాక రహస్యము వలన పోయిన సంపద యిది. దీనిని పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. ముందు మరల ప్రస్తావింతుము.

నేటి సాక్షులు గైగర్ గొట్టము కంటె నేర్పరులు. వీనిలో ముఖ్యమైనది సిలికాను పలకల దొంతర. కణము సిలికానులోనికి దూరినపుడు కోల్పోవు శక్తికి తగినంత విద్యుత్తు పుట్టును. దానిని కొలిచినచో శక్తి తెలియును. ముందు పలుచని పలక, వెనుక మందమైన పలక నుంతురు. పలుచనిదానిలో ఎంత పోగొట్టుకొనినది, మందమైనదానిలో ఎంత మిగిలినది అను రెండు మాటలను జోడించి చూచిన, వచ్చినది ప్రోటానా, హీలియమా, అంతకంటె బరువైన ఇనుమా యని చెప్పవచ్చును. రెండింటను ఒకే క్షణమున గురుతు పడిననే ఆ సాక్ష్యము చెల్లును. ప్రక్కనుండి గోడ చీల్చుకొని దూరిన దొంగకణమును పట్టుటకు చుట్టును వేరొక కావలి పలక నుంతురు. అది మెరసినచో ఆ లెక్కను కొట్టివేయుదురు. ఇంతయు చేసి, పంపుటకు ముందే, శక్తి తెలిసిన కణముల యెదుట నుంచి తప్పొప్పులు వ్రాసికొందురు. అడ్డుప్రశ్నలకు నిలువని సాక్ష్యము సాక్ష్యము కాదని వీరును ఎరుగుదురు.

ఇదంతయు పండితుల వినోదమని తలచువారికి మూడు దృష్టాంతములు చాలును. 1972 ఆగస్టు మొదటివారమున సూర్యుని నుండి ప్రచండమైన ప్రోటానుల వాన కురిసెను. అపోలో-16లో చంద్రునికి పోయినవారు ఏప్రిలులో తిరిగివచ్చిరి. అపోలో-17 డిసెంబరున పోయెను. నడుమ నెలలలో పడిన వాన యది. ఆ దినములలో మనుష్యుడు చంద్రునిపై నడచుచుండినచో ఏమయ్యెడిదో యూహింపవచ్చును. 1994 జనవరి 20న కెనడావారి అనిక్ ఇ-1, ఇ-2 అను రెండు ఉపగ్రహములు గంటల వ్యవధిలో అదుపు తప్పెను. రెండవదానిని దారికి తెచ్చుటకు నెలలు పట్టెను. మహావేగముగల ఎలక్ట్రానులు లోహపుగోడను దూరి, లోపలి తీగల పైపొరలలో కూడుకొని, చిన్న పిడుగు వలె ప్రేలుటయే కారణముగ నెంచబడినది. ఇక మూడవది మనుష్యుని చేతిపని. 1962 జూలై 9న అమెరికావారు పసిఫిక్ సముద్రముపై 400 కిలోమీటర్ల యెత్తున అణుబాంబు ప్రేల్చిరి. దానిచే ఆకాశమున క్రొత్త ఎలక్ట్రాను వలయమొకటి యేర్పడెను. మరుసటిదినమున ఎగసిన టెల్‌స్టార్ ఉపగ్రహమును, ఇంగ్లండువారి ఏరియల్-1ను ఆ విషము తగిలి చెడెను. ఎవరి గగనమున ఎవరు నిప్పు పెట్టినను పొగ అందరి కండ్లను తాకును. చూచి చెప్పగల కన్ను కొందరికే యుండుట క్షేమము కాదు.

ఇపుడు మన దేశము సంగతి. ఈ విద్య మనకు క్రొత్త కాదు. అయస్కాంత భూమధ్యరేఖ మన దక్షిణాపథమునకు సమీపమున పోవుచున్నది. అచట భూమియొక్క అయస్కాంత కవచము దృఢముగ నుండి, అల్పశక్తిగల కిరణములను వెలుపలనే నిలిపి, మహాశక్తిగల వానినే లోనికి విడుచును. కావున విశ్వకిరణములను జల్లెడపట్టి చూచుటకు మన యాకాశము ప్రకృతి యమర్చిన ప్రయోగశాల. మిల్లికన్ మహాశయుడు 1939-40లో మన దేశమునకు వచ్చి బుడగ లెగురవేసినది ఇందుకొరకే. అంతటితో ఆగక, ఆ కాలముననే బెంగుళూరున హోమీ భాభాయు, విక్రమ్ సారాభాయియు స్వయముగ విశ్వకిరణముల పరిశోధన కారంభించిరి. సారాభాయి 1947లో అహమ్మదాబాదున భౌతిక పరిశోధనాలయమును స్థాపించెను. భాభా స్థాపించిన టాటా పరిశోధన సంస్థవారు తరువాతి కాలమున మన హైదరాబాదునందే బుడగల కేంద్రమును నెలకొల్పి, వ్యోమముయొక్క పై యంచులకు పరికరములను పంపిరి.

1985 ఏప్రిల్ 29న చాలెంజర్ అను అమెరికా వ్యోమనౌకలో అనూరాధ యను మన పరికరము పయనమయ్యెను. ప్రత్యేకమైన ప్లాస్టిక్ రేకుల దొంతరలే దాని సర్వస్వము. కణము దూరిన త్రోవ రేకులలో గాయముగ నిలుచును. తిరిగి వచ్చిన పిమ్మట రసాయనములలో ముంచి, ఆ గాయములను చదివిరి. ఒక దొంతర స్థిరముగ నుండ, వేరొకటి మెల్లగా తిరుగుచుండుటచే, రెండింటి గురుతులను కలిపి చూచి కణము వచ్చిన వేళను గూడ తెలిసికొనిరి. విశ్వకిరణములలో అసాధారణ వర్గమునకు చెందిన కణములు చాలవరకు ఒక్క ఎలక్ట్రానునే కోల్పోయినవని ఆ రేకులు చెప్పెను. బుద్ధిబలమే ముఖ్యమైన పెట్టుబడి. బీదదేశమునకు శాస్త్రము తగదనువారికి ఇంతకంటె సమాధానమేమి కావలెను?

2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుండి ఆదిత్య-ఎల్1 బయలుదేరినది. 2024 జనవరి 6న అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున, సూర్యునికిని మనకును నడుమనున్న నియమితస్థానమును చేరినది. అందలి యేడు పరికరములలో ఆస్పెక్స్ అనునది సారాభాయి స్థాపించిన అహమ్మదాబాదు పరిశోధనాలయమువారి నిర్మాణము; పాపా యనునది ఆయన పేరిట వెలసిన తిరువనంతపుర కేంద్రమువారిది. ఆస్పెక్స్‌నందు రెండు భాగములు. స్విస్ అనునది సూర్యుని గాలిని కొలుచును. స్టెప్స్ అను భాగము ఆరు కన్నులతో వేర్వేరు దిక్కుల నుండి వచ్చు శక్తిమంతమైన కణములను లెక్కించును. స్టెప్స్ గమ్యము చేరువరకును ఊరకుండలేదు. 2023 సెప్టెంబరు 10ననే, భూమికి 50 వేల కిలోమీటర్లు దాటగానే, లెక్కింప నారంభించెను. 2024 మే 10, 11 తేదీలలో ఇరువదేండ్లలో ఎరుగని సౌరతుఫాను భూమిని తాకి, లడఖులోని హాన్లేవద్ద గూడ ఎఱ్ఱని ధ్రువకాంతి కనబడినపుడు, గాలి వేగము పెరుగుటను, శక్తిమంతమైన కణముల పొంగును ఆదిత్యుని పరికరములు మన భాగమున సాక్ష్యమిచ్చెను. తాత నాటిన విత్తు మనుమల కాలమున ఫలించినది.

ఇంతవరకు సంతోషమే. కాని మెచ్చికోలు పలికి ఊరకుండుట పత్రికాధర్మము కాదు. ఇకపై జరుగవలసినది మూడు మాటలలో చెప్పుచున్నాము.

మొదటిది: వారసుని విషయము. ఆదిత్యునకు నిర్ణయించిన సేవాకాలము ఐదేండ్లు. అంతలో సగము గడచిపోయినది. 1997లో అమెరికావారు పంపిన ఏస్ అను ఉపగ్రహమును ఐదేండ్ల కొరకే యుద్దేశించి, ఇరువదైదేండ్లకు మించి వాడుకొనిరి. ఆ యదృష్టము అందరికిని పట్టునని ధీమాగ నుండరాదు. అట్టి పనికే 2015లో వారు పంపిన డిస్కవర్ ఉపగ్రహము 2019 జూన్ చివర చెడి, 2020 మార్చి వరకు మూగయై యుండెను. అందుచేతనే 2025 సెప్టెంబరున వారు క్రొత్త కావలివానిని పంపిరి. పాత సాక్షి యుండగనే క్రొత్త సాక్షి రావలెను. ఇద్దరును ఒకే సంఘటనను చూచి చెప్పిననే ఒకరి మాటతో ఇంకొకరి మాటను సరిచూడవచ్చును. 2012 ఆగస్టు 30న వాన్ ఆలెన్ పేరిట జంట ఉపగ్రహములను పంపినపుడు, డేనియల్ బేకర్ అను శాస్త్రజ్ఞుడు కాలము చెల్లుచున్న పాత ఉపగ్రహము ఆగకముందే సరిచూచుకొనవలెనని కోరి, తన పరికరమును ముందుగ తెరిపించెను. ఏబదియేండ్లకు పైగా రెండే వలయములనుకొన్న లోకమునకు, తెరచిన కొన్ని దినములకే మూడవ వలయము కనబడెను! నాలుగు వారములకు అది చెదరిపోయెను. ఒక నెల ఆలసించియున్న ఎవరికిని తెలియకపోయెడిది.

రెండవది: సాక్షి దృష్టి పరిమితి. స్టెప్స్ కొలుచునది 20 వేల ఎలక్ట్రాను వోల్టుల మొదలు కొన్ని మిలియనుల వరకు గల అయానులను. వ్యోమగాములకును ఉపగ్రహములకును కీడుచేయు ప్రోటానుల వానకు ప్రపంచము హెచ్చరిక గంట కొట్టునది పది మిలియనుల పైన. గాలి పెద్దదైనదని మన సాక్షి చక్కగ చెప్పగలడు; పిడుగును గూర్చి చెప్పుటకు ఇంకొకడు కావలెను. 2025లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ కేంద్రమునకు పోయివచ్చెను. మన నౌకలోనే మనవారిని పంపుటకు సన్నాహములు జరుగుచున్నవి. ఆ బిడ్డల తలలపై ఎంత వాన కురియునో మన పరికరముతో మనమే కొలువవలెను. 36 వేల కిలోమీటర్ల యెత్తున, బాహ్యవలయపు ఎలక్ట్రానులలో మునిగి పనిచేయు మన వాతావరణ, సమాచార ఉపగ్రహములలో ఒక్కొక్కదానియందును చిన్న లెక్కపెట్టె యుండుట న్యాయము.

మూడవది: ప్రకటన. స్పుత్నిక్-2 కథను మరువవలదని చెప్పితిమి. ఆదిత్యుని లెక్కలను 2025 జనవరిలో ప్రజలకు విడుదల చేయుట మొదలుపెట్టిరి, అభినందనీయము. కాని ఎల్1 వద్ద నుండి సౌరవాయువు భూమిని చేరుటకు సుమారొక గంట పట్టును, తుఫానైనచో అరగంట. సాక్ష్యము ఆ గంటలోపల విద్యుత్తు పంపిణీ ఇంజనీరునకు, విమానము నడుపువారికి, ఉపగ్రహ కేంద్రమునకు అందిననే కావలి. ఆపై అది చరిత్ర. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున సౌరతుఫానుచే అరువది లక్షల జనము తొమ్మిది గంటలు చీకటిలో నుండిరి. సముద్రపు తుఫానులకు రేవులలో జెండా లెత్తి, రేడియోలో దేశభాషలలో చెప్పుట మనకలవాటే. సూర్యుని తుఫాను వార్తయు తెలుగున, సుబోధముగ, ప్రతిదినము ఏల వెలువడరాదు?

ఇచట రెండాక్షేపణలు విందుము. ఇతరులు ఉచితముగ ప్రకటించు లెక్కలుండ మనకేల వ్యయమని యొకరు. వారి యౌదార్యమునకు కృతజ్ఞులమే. కాని వారి యుపగ్రహము వారి ఖజానాను బట్టి నడచును. వారు పొదుపు తలచిననాడు మన కావలి నిలిచిపోవును. పొరుగింటి దీపము వెలుతురులో భోజనము చేయవచ్చును గాని కాపురము చేయరాదు. ఇక రెండవవారు, అన్నవస్త్రములకు తడుముకొను ప్రజలుండగా ఈ ఆకాశ వ్యవహారమేలని. వారికి మా యుత్తరము దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వేలకొలది ప్రాణములను కబళించినది. నేడు బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినది మొదలు కన్నార్పక చూచి, పల్లెకారుని ముందుగ ఒడ్డుకు చేర్చుచున్నది ఆ యెత్తుననున్న మన ఉపగ్రహమే. ఆ కన్ను ఒక ఎలక్ట్రాను పిడుగునకు మూతపడినచో నష్టపోవునది పండితుడు కాదు, హంసలదీవి జాలరి.

కావున ప్రభుత్వమువారు ఆదిత్యుని వారసునకు ఇపుడే ద్రవ్యము కేటాయింపవలెను. శాసనసభ్యులును పార్లమెంటు సభ్యులును దీనిని గూర్చి ప్రశ్నలు వేయవలెను. కళాశాలల విద్యార్థులు ఆ లెక్కలను దింపుకొని చదువవలెను. గుంటూరున గాని, విశాఖపట్టణమున గాని, వరంగల్లున గాని కూర్చుండి 15 లక్షల కిలోమీటర్ల యవతలి వాఙ్మూలమును పరిశీలించుటకు కావలసినది గణితమును, ఓపికయు మాత్రమే. గ్రంథాలయములలో ఈ పత్రికను చదువు పెద్దలు యువకులను పిలిచి ఈ పని నప్పగింతురుగాక.

నిద్రపోవు ఊరికి కావలివాడు కనబడడు. వాని కేక వినబడనినాడే వాని విలువ తెలియును. 1958లో గొట్టము మౌనము వహించినపుడు దాని యర్థము విప్పుటకు అచట మనుష్యులుండిరి. మన సాక్షి మౌనము వహించు దినము తప్పక వచ్చును. ఆ దినమునకు ముందే రెండవ సాక్షి బోనెక్కి యుండవలెను.